404 అంటే ‘లేదు’, 451 అంటే ‘ఇవ్వం’: ప్రభుత్వ కంప్యూటర్ నేర్చుకోవాల్సిన మర్యాద

ప్రిపరేషన్ మొదలుపెట్టిన ప్రతివాళ్లకీ ముందు వినపడే సలహా ‘ఫోన్ పక్కన పెట్టు’. టెక్నాలజీ వింతలు, జోకులు, గంటకో వార్త మన సమయాన్ని తినేస్తాయన్నది నిజమే. అయితే సరదాగా కంటపడిన విషయాన్ని చదివి వదిలేస్తే అది కాలక్షేపం. ‘ఇది ఎందుకిలా ఉంది? దీనివల్ల ఎవరికి లాభం, ఎవరికి నష్టం?’ అని ఒక్క నిమిషం ఆగి అడిగితే అది ఎస్సే పేపర్‌కు పనికొచ్చే సరుకు.

బీటెక్ తర్వాత కొన్నాళ్లు వెబ్ డెవలపర్‌గా పనిచేసినప్పుడు నేను ఏరి దాచుకున్న వాటిలో మూడు అంకెలున్నాయి: 404, 418, 451. మొదటిది టెక్నాలజీ, రెండోది జోకు, మూడోది వార్త. ఈ మూడూ పక్కపక్కన పెట్టుకుంటే నాకు కనిపించింది ఒకటే. పౌరుడికి సేవ అందనప్పుడు ప్రభుత్వ కంప్యూటర్ మూడు సంగతులు చెప్పి తీరాలి: ఏమైంది, లోపం ఎవరి వైపు ఉంది, ఇప్పుడు ఎక్కడికి వెళ్లాలి. వెబ్ దాదాపు 30 ఏళ్లుగా రాసిపెట్టుకున్న ఈ మర్యాద మన ఈ-గవర్నెన్స్‌కు ఇంకా అలవాటు కాలేదు. ఈ వ్యాసంలో నా వాదన అదే.

404: తప్పు ఎవరిది?

మన బ్రౌజర్ ఒక పేజీ అడిగిన ప్రతిసారీ అవతలి సర్వర్ మూడంకెల జవాబు పంపుతుంది. 200 అంటే సరే, ఇదిగో. 301 అంటే ఆ పేజీ శాశ్వతంగా వేరే చిరునామాకు మారింది. 404 అంటే అడిగినది దొరకలేదు. 404 అనే పేరు స్విట్జర్లాండ్‌లోని సెర్న్ పరిశోధనా కేంద్రంలో 404వ నంబరు గది నుంచి వచ్చిందని ఒక కథ ఇంటర్నెట్‌లో తిరుగుతూ ఉంటుంది. అది కట్టుకథ. వెబ్ తొలినాళ్లలో టిమ్ బెర్నర్స్-లీతో కలిసి పనిచేసిన రాబర్ట్ కాయో స్వయంగా దాన్ని కొట్టిపారేశారు. కరెంట్ అఫైర్స్ నోట్సు రాసుకునే మనకు ఇదొక చిన్న హెచ్చరిక: కథ ఎంత ముచ్చటగా ఉంటే అంత గట్టిగా సరిచూసుకోవాలి.

అసలు విశేషం మొదటి అంకెలో ఉంది. 4తో మొదలైతే లోపం అడిగినవాడి వైపు ఉన్నట్టు. చిరునామా తప్పు రాశావు, లేదా నీకు అనుమతి లేదు. 5తో మొదలైతే లోపం ఇచ్చేవాడి వైపు ఉన్నట్టు. నువ్వు సరిగ్గానే అడిగావు, నేనే చేయలేకపోయాను. 1996లో హెచ్‌టీటీపీ తొలి ప్రమాణ పత్రం వచ్చేనాటికే ఈ విభజన ఉంది. అంటే యంత్రం తన తప్పును తానే ఒప్పుకోవడానికి ఒక వరుస అంకెలను విడిగా కేటాయించారు. వాటిలో 503 మరీ మర్యాదస్తురాలు. ‘ప్రస్తుతం సేవ అందించలేను’ అని చెప్పడంతో పాటు, ఎంతసేపటి తర్వాత మళ్లీ రావాలో కూడా తెలిపే ఏర్పాటు అందులో ఉంది.

ఇప్పుడు దీన్ని మన వీధిలోకి తెచ్చుకుందాం. ఒకప్పుడు తెలుగు ఊళ్లలో తలుపుల మీద ‘ఓ స్త్రీ రేపు రా’ అని రాసేవాళ్లు. దయ్యం రోజూ వచ్చి, చదివి, వెనక్కి వెళ్లిపోతుందని నమ్మకం. మన ఆఫీసుల కౌంటర్ల మీద ఆ రాత కనపడదు గానీ, ‘సర్వర్ డౌన్, రేపు రండి’ అన్న మాట చేసే పని అదే. ఏ రేపు, ఎన్ని గంటలకు, ఎవరి సర్వర్, అది రేపటికి బాగవుతుందని ఎవరు చెప్పారు? ఇవేవీ ఆ మాటలో ఉండవు.

నేను ఉంటున్న రాయ్‌పుర్ ఈ విషయంలో చిన్న ఊరేమీ కాదు. ప్రజా పంపిణీ వ్యవస్థను కంప్యూటరీకరించిన రాష్ట్రాల్లో ఛత్తీస్‌గఢ్ పేరు ముందు వరసలో ఉంటుంది. 2012లో రాయ్‌పుర్‌లో ‘కోర్ పీడీఎస్’ మొదలైంది. కార్డుదారు తనకు నచ్చిన చౌకధరల దుకాణంలో సరుకు తీసుకోవచ్చన్నది దాని మూలసూత్రం. దుకాణదారు సరిగ్గా ఇవ్వకపోతే పక్క దుకాణానికి వెళ్లే హక్కు పేదవాడి చేతికి వచ్చింది. 2019 ఆగస్టులో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ మధ్య, గుజరాత్, మహారాష్ట్ర మధ్య ప్రయోగాత్మకంగా మొదలైన ‘ఒకే దేశం, ఒకే రేషన్ కార్డు’ వెనక ఉన్న ఆలోచన కూడా ఇదే. కంప్యూటర్ వల్ల పేదవాడికి మేలు జరగదని నేను అనడం లేదు. మేలు జరిగిన ఊళ్లోనే కూర్చుని రాస్తున్నాను.

చిక్కల్లా యంత్రం ‘లేదు’ అన్నప్పుడే. ఆధార్ ప్రామాణీకరణలో కూడా వెబ్‌లో లాగే ఎర్రర్ కోడ్‌లున్నాయి. 300 అంటే వేలిముద్ర సరిపోలలేదు. 330 అంటే కార్డుదారు తన బయోమెట్రిక్‌ను తానే లాక్ చేసుకున్నారు. ఈ రెండింటికీ పరిష్కారాలు పూర్తిగా వేరు. మొదటిదానికి ఇంకో వేలు ప్రయత్నించాలి, ఓటీపీ అడగాలి, లేదా మినహాయింపు రిజిస్టరులో రాసుకుని సరుకు ఇవ్వాలి. రెండోదానికి లాక్ తీస్తే సరిపోతుంది. ఇక నెట్‌వర్క్ లేకపోవడం అసలు కార్డుదారుకు సంబంధించిన విషయమే కాదు. అది 5తో మొదలవ్వాల్సిన లోపం. కానీ కౌంటరు దాటి బయటికొచ్చే సరికి మూడూ కలిసి ‘మీ వేలు పడటం లేదమ్మా’ అనే ఒకే వాక్యంగా మారిపోతాయి. యంత్రానికి తెలిసిన తేడా మనిషికి చేరదు.

గుఢియారీ లాంటి చోట దీనికి ఇంకో పొర ఉంది. ఇక్కడి తెలుగు కుటుంబాల్లో పెద్దవాళ్లు కొందరు హిందీ బాగా మాట్లాడతారు గానీ చదవలేరు. తెరమీద వచ్చే సందేశం ఇంగ్లీషులోనో హిందీలోనో ఉంటే, అది ఏం చెప్పిందో దుకాణదారు నోట వినాల్సిందే. అతను సరిగ్గా చెబితే సరి. చెప్పకపోతే, యంత్రం ఇలా అనలేదని నిరూపించడానికి ఆ పెద్దావిడ చేతిలో ఏ కాగితమూ ఉండదు.

418: జోకు కూడా రికార్డయింది

రెండో అంకె నవ్వు తెప్పిస్తుంది. ఇంటర్నెట్ ఎలా పనిచేయాలో చెప్పే పత్రాలను ఆర్‌ఎఫ్‌సీలు అంటారు. గంభీరమైన ఆ పత్రాల్లో ఏప్రిల్ 1న అప్పుడప్పుడు ఒక సరదా పత్రం వస్తుంది. 1998 ఏప్రిల్ 1న లారీ మాసింటర్ రాసిన ఆర్‌ఎఫ్‌సీ 2324 ఇంటర్నెట్ ద్వారా కాఫీ కుండను నడిపే పద్ధతిని వివరించింది. టీ కుండను కాఫీ కాచమని అడిగితే అది 418 అని జవాబివ్వాలట. అంటే ‘నేను టీ కుండను’. ఈ హాస్యం ఎంత నచ్చిందంటే, 2017లో కొన్ని సాఫ్ట్‌వేర్‌ల నుంచి ఆ అంకెను తీసేయాలన్న ప్రతిపాదన రాగానే డెవలపర్లు గోల చేసి ఆపించారు. 2022లో వచ్చిన ప్రామాణిక పత్రం 418ని ఇంకే పనికీ వాడకుండా అలాగే పక్కన ఉంచింది.

ఈ కోవలోనే 1990 ఏప్రిల్ 1న వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 1149 పావురాల కాలికి కాగితం కట్టి ఇంటర్నెట్ డేటా పంపే పద్ధతిని చెప్పింది. 2001లో నార్వేలోని బెర్గెన్‌లో కొందరు దాన్ని నిజంగానే చేసి చూశారు. 9 ప్యాకెట్లు పంపితే 4 జవాబులు తిరిగొచ్చాయి. ఒక్కో జవాబుకు దాదాపు గంట నుంచి గంటా ముప్పావు పట్టింది. ప్రయోగం ముగిశాక వాళ్లు నష్టం లెక్క కూడా రాశారు: 55 శాతం.

నవ్వు అయ్యాక ఆలోచించాల్సిన సంగతి ఇది. టీ కుండ తాను చేయలేని పనిని ‘నేను ఈ పనికి సరిపడను’ అని సూటిగా చెప్పింది. పావురాల నెట్‌వర్క్ ఎన్ని పోయాయో లెక్క చెప్పింది. మన సంక్షేమ వ్యవస్థల డాష్‌బోర్డుల్లో విజయవంతమైన లావాదేవీల సంఖ్య పెద్ద అక్షరాల్లో ఉంటుంది. విఫలమైన ప్రయత్నాలు ఎన్ని, ఒకే కుటుంబం ఒకే నెలలో ఎన్నిసార్లు వెనక్కి వెళ్లింది, చివరికి ఎందరు ఆ నెల సరుకు వదులుకున్నారు అన్న సంఖ్యలకు కూడా అంతే చోటు దక్కాలి. పంపిణీ అయిన బియ్యం లెక్క శాఖ పనితీరును చెబుతుంది. వెనక్కి వెళ్లినవాళ్ల లెక్క పథకం పనితీరును చెబుతుంది.

ఈ లెక్క ఎందుకంత ముఖ్యమో తెలంగాణ అనుభవం చూపిస్తుంది. వేర్వేరు శాఖల డేటాబేసుల్లోని పేర్లు, చిరునామాలు పోల్చి, ఇవన్నీ ఒకే మనిషివా కాదా అని అంచనా వేసే ‘సమగ్ర వేదిక’ అనే సాఫ్ట్‌వేర్‌ను అక్కడి ప్రభుత్వం వాడింది. 2016 నుంచి రాష్ట్రంలో సుమారు 19 లక్షల రేషన్ కార్డులు రద్దయ్యాయి. సరైన నోటీసు, క్షేత్రస్థాయి విచారణ లేకుండా కంప్యూటర్ ఆధారంగా రద్దు చేశారంటూ హైదరాబాద్ సామాజిక కార్యకర్త ఎస్.క్యూ. మసూద్ కోర్టుకెళ్లారు. 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు రద్దయిన కార్డులన్నిటినీ క్షేత్రస్థాయిలో మళ్లీ పరిశీలించమని ఆదేశించింది. పేరు దగ్గరగా ఉన్న వేరెవరి కారునో ఒక పేద కుటుంబానికి అంటగట్టి రేషన్ నిరాకరించిన ఉదాహరణ 2024లో పత్రికా పరిశోధనలో బయటికొచ్చింది.

ఇక్కడ యంత్రం పొరబడటం ఒక్కటే సమస్య అయితే సరిదిద్దుకోవచ్చు. ‘మీ పేరు మీద కారు ఉన్నట్టు రవాణా శాఖ రికార్డు చూపుతోంది. కాదంటే ఫలానా అధికారికి ఇన్ని రోజుల్లో చెప్పండి’ అని రెండు వాక్యాలు పంపి ఉంటే, ఆ కుటుంబం మర్నాడే వెళ్లి ‘మాకు సైకిలు కూడా లేదు బాబూ’ అని చెప్పుకునేది. కారణం తెలియనివాడు దేన్ని ఖండించాలి? అప్పీలు హక్కు చట్టంలో ఎంత స్పష్టంగా ఉన్నా, కారణం చెప్పకపోతే అది చేతికందని హక్కే.

దీని అంతిమ మూల్యం మనకు తెలుసు. 2017 సెప్టెంబరులో జార్ఖండ్‌లోని సిమ్‌డేగా జిల్లాలో 11 ఏళ్ల బాలిక చనిపోయింది. ఆధార్‌తో ముడిపడలేదని కుటుంబం రేషన్ కార్డు రద్దయిందని, పాప ఆకలితో పోయిందని తల్లి చెప్పింది. మలేరియా వల్ల అని అధికారులన్నారు. ఆ వివాదం ఎలా ఉన్నా, దేశమంతా ఆ రోజు అడిగిన ప్రశ్న ఒకటే: కార్డు తీసేసేముందు ఆ ఇంటికి ఎవరైనా వెళ్లి చెప్పారా?

451: ‘లేదు’ వేరు, ‘ఇవ్వం’ వేరు

మూడో అంకె పుట్టుక ఈ మధ్యదే. ప్రభుత్వ లేదా కోర్టు ఆదేశం వల్ల ఒక పేజీని చూపించలేకపోతే, సర్వర్ ఏం చెప్పాలి? 404 అంటే అబద్ధం, ఎందుకంటే పేజీ ఉంది. అందుకని టిమ్ బ్రే ప్రతిపాదనతో 2016 ఫిబ్రవరిలో ఆర్‌ఎఫ్‌సీ 7725 వచ్చింది. దాని సంఖ్య 451. పుస్తకాలను తగలబెట్టే రాజ్యం గురించి రే బ్రాడ్‌బరీ 1953లో రాసిన నవల ‘ఫారెన్‌హీట్ 451’ నుంచి తీసుకున్న అంకె అది. ఎవరి ఆదేశం, ఏ చట్టం కింద, అది ఎవరికి వర్తిస్తుందన్న వివరణ కూడా జవాబులో ఉండాలని ఆ పత్రం సూచిస్తుంది.

మన దేశంలో ఇంటర్నెట్ సమాచారాన్ని నిలిపేసే అధికారం ఐటీ చట్టం 69ఏ సెక్షన్ నుంచి వస్తుంది. 2015లో శ్రేయా సింఘాల్ కేసులో సుప్రీంకోర్టు 66ఏను కొట్టేసినా 69ఏను నిలబెట్టింది. కారణాలను రాతపూర్వకంగా నమోదు చేయాలన్న రక్షణ ఉంది కాబట్టి, వాటిని హైకోర్టులో సవాలు చేయవచ్చన్నది ఆ తీర్పులోని ఒక ఆధారం. కానీ 2009 నాటి నిబంధనల్లో 16వది ఈ ఆదేశాలను గోప్యంగా ఉంచమంటుంది. చేతికి రాని కాగితాన్ని సవాలు చేయడమెలా?

2022లో దీనికి మంచి ఉదాహరణ దొరికింది. మనందరి కంప్యూటర్లలో ఉండే వీఎల్‌సీ ప్లేయర్ అధికారిక వెబ్‌సైటు ఆ ఏడాది భారత్‌లో నెలల తరబడి తెరుచుకోలేదు. తమకు ముందస్తు నోటీసు రాలేదని దాన్ని తయారుచేసే వీడియోలాన్ సంస్థ చెప్పింది. అక్టోబరులో లీగల్ నోటీసు పంపాక నవంబరులో నిషేధం తొలగింది. మధ్యలో ఆ పేజీ తెరవబోయిన విద్యార్థి ‘నా నెట్ బాగాలేదేమో’ అనుకుని ఉంటాడు. 451 చెప్పాల్సిన చోట మౌనం ఉంటే, ప్రభుత్వ నిర్ణయం కాస్తా పౌరుడి సొంత లోపంగా కనిపిస్తుంది. ఇంటర్నెట్ నిలిపివేత ఆదేశాలను ప్రచురించి తీరాలని 2020 జనవరి 10న అనురాధా భసీన్ కేసులో సుప్రీంకోర్టు చెప్పిన మాట సరిగ్గా ఈ జబ్బుకు మందు.

ఎదురు వాదన వినాలి

కారణాలన్నీ చెబితే మోసగాళ్లు వాటిని వాడుకుని వ్యవస్థను తప్పుదోవ పట్టిస్తారు, భద్రతకు సంబంధించినవి బయటపడతాయి అని పాలకుల వాదన. ఇది గాలి మాట కాదు. వెబ్ ప్రమాణాలు కూడా దీన్ని ఒప్పుకుంటాయి. అనుమతి లేని పేజీ ఒకటి ఉందన్న సంగతే బయటికి తెలియకూడదనుకుంటే, 403 బదులు 404 చెప్పే వెసులుబాటు సర్వర్‌కు ఉంది. మన సమాచార హక్కు చట్టంలో 8వ సెక్షన్ మినహాయింపులూ, కొన్ని నిఘా సంస్థలకు 24వ సెక్షన్ ఇచ్చిన రక్షణా ఇలాంటివే.

కానీ ఆ వెసులుబాటు మినహాయింపు. దాన్ని నియమంగా మార్చుకోకూడదు. నిఘా సంస్థ ఫైలుకు ఉన్న గోప్యత ఒక వృద్ధురాలి బియ్యం కార్డుకు అక్కర్లేదు. ఆమె కార్డు ఎందుకు ఆగిందో ఆమెకే చెబితే దేశభద్రతకు వచ్చే ముప్పేమీ లేదు. మోసం గురించిన భయం ఉంటే అల్గారిదం లోపలి సూత్రాలు దాచుకోవచ్చు. ఆ సూత్రాలు ఆమె మీద ఏ నిర్ణయానికి వచ్చాయో దాచే హక్కు లేదు.

చట్టంలో ఉంది, స్క్రీన్ మీద లేదు

నిజానికి 451 స్ఫూర్తి మన చట్టానికి కొత్తది కాదు. సమాచార హక్కు చట్టం, 2005లోని 7(8) సెక్షన్ ప్రకారం దరఖాస్తు తిరస్కరిస్తే మూడు విషయాలు చెప్పాలి: కారణం, అప్పీలుకు గడువు, అప్పీలు అధికారి వివరాలు. అదే చట్టంలో 4(1)(డి) తన నిర్ణయాలకు కారణాలను ప్రభావితులకు తెలపడం ప్రతి ప్రభుత్వ సంస్థ బాధ్యత అంటుంది. కారణాలు నమోదు చేయడం సహజ న్యాయంలో భాగమని 1990లో ఎస్.ఎన్. ముఖర్జీ కేసు, 2010లో క్రాంతి అసోసియేట్స్ కేసు స్పష్టం చేశాయి. జాతీయ ఆహార భద్రత చట్టం, 2013లోని 8వ సెక్షన్ సరుకు అందకపోతే భృతి పొందే హక్కునిస్తుంది. ఛత్తీస్‌గఢ్‌లో 2011 నుంచి లోక్ సేవా గ్యారంటీ చట్టం ఉంది. వేలిముద్ర పడనప్పుడు వేరే దారిలో గుర్తించి సరుకు ఇవ్వాలన్న ఆదేశాలు 2017లోనే వచ్చాయి.

కొరత చట్టంలో లేదు. చట్టం రాసినవాడికీ స్క్రీన్ డిజైన్ చేసినవాడికీ మధ్య ఉంది. ఆ సందులో కూర్చోబోయేది రేపటి అధికారులు, అంటే మనలో కొందరం. అందుకే నాలుగు సూచనలు:

1. ప్రతి తిరస్కరణకూ ఒక కోడ్, ఆ కోడ్‌కు స్థానిక భాషల్లో ఒక వాక్యం. ఈ-పాస్ యంత్రం విజయానికి రసీదు ఇచ్చినట్టే వైఫల్యానికీ రసీదు ఇవ్వాలి. చేతిలో కాగితం ఉంటేనే ఫిర్యాదుకు కాళ్లొస్తాయి.

2. లోపం ఎవరి వైపు ఉందో ఆ కోడ్‌లోనే తెలియాలి. లోపం ప్రభుత్వానిదైతే ఆ నెల సరుకు ఆగకూడదు.

3. ‘రేపు రండి’ బదులు తేదీ, సమయం, బాధ్యుడైన అధికారి హోదా చెప్పాలి.

4. విఫలమైన లావాదేవీల లెక్కను దుకాణం వారీగా ప్రతి నెలా ప్రచురించాలి. సామాజిక తనిఖీలో గ్రామసభ, వార్డు సభ దాన్ని చదవాలి.

2025 జనవరి 30న ఆంధ్రప్రదేశ్ 161 సేవలతో ‘మన మిత్ర’ పేరిట వాట్సాప్ గవర్నెన్స్ ప్రారంభించింది. ఆఫీసు చుట్టూ తిరిగే కాళ్లకు ఇది ఊరట. దీన్ని కొలవాల్సింది మాత్రం ఎన్ని సేవలు ఫోన్‌లోకి వచ్చాయన్న సంఖ్యతో ఒక్కటే కాదు. దరఖాస్తు ఆగిపోయినప్పుడు ఆ ఫోన్‌లో ఏ మాట వస్తుందన్నదానితో కూడా. ‘సాంకేతిక సమస్య’ అని వస్తే పాత కౌంటరే జేబులోకి వచ్చినట్టు. ‘మీ సర్వే నంబరు రికార్డులో సరిపోలలేదు, ఫలానా అధికారిని ఫలానా తేదీలోగా కలవండి’ అని వస్తే పాలన ఒక మెట్టు ఎక్కినట్టు.

గాంధీజీ చెప్పిన కడపటి మనిషిని మనం ఎథిక్స్ పేపర్లో తరచూ తలుచుకుంటాం. ఆ మనిషి యంత్రం ముందు వేలు పెట్టి నిలబడ్డప్పుడు, తనకు ఎందుకు అందలేదో తన భాషలో తెలుసుకోగలగాలి. టీ కుండకు ఉన్న నిజాయితీ ప్రభుత్వానికి ఉండాలని అడగడం పెద్ద కోరికేమీ కాదు.

సాధన ప్రశ్న (జీఎస్-2, 15 మార్కులు, 250 పదాలు): ‘కారణం చెప్పని తిరస్కరణ అప్పీలు హక్కును నిరర్థకం చేస్తుంది.’ సంక్షేమ పథకాల్లో అల్గారిదంల వాడకం నేపథ్యంలో, సంబంధిత చట్టాలు, తీర్పుల ఆధారంగా చర్చించండి.